పరాకు, బహుపరాకు

మనసు ఉండవలసిన చోట లేకపోవడాన్ని తెలుగులో ‘పరాకు’ అంటారు. కళ్ళు తెరిచే ఉంటాయి, చెవులు పనిచేస్తూనే ఉంటాయి, మనిషి మేలుకునే ఉంటాడు. ధ్యాస మాత్రం ఎదురుగా ఉన్నదాని మీద ఉండదు. విచిత్రమేమిటంటే, రాజు సభకు వస్తున్నప్పుడు ముందు నడిచే భటులు గొంతెత్తి పలికిన మాట కూడా ఇదే. అక్కడ దానికి ‘గమనించండి, జాగ్రత్త’ అని అర్థం. ధ్యాస లేకపోవడానికీ, ధ్యాస పెట్టమని చెప్పడానికీ ఒకటే మాట. తెలుగు నిఘంటువులు ఈ రెండర్థాలనూ పక్కపక్కనే పెట్టి ఊరుకుంటాయి. రెండూ ఒకచోట ఎలా ఇమిడాయో వాడుకను బట్టి చూసుకోవలసిందే.

ముందుగా నిత్యవ్యవహారంలోని అర్థం. పరాకుకూ తెలియకపోవడానికీ సంబంధం లేదు. ఈత రానివాడు కాలువలో దిగి మునిగితే అది తెలియనితనం. ఈత వచ్చినవాడు కబుర్లలో పడి గట్టు అంచున కాలు జారితే అది పరాకు. మరుపు కూడా వేరు. మరిచిపోయినవాడికి విషయం ఒకప్పుడు తెలుసు, ఇప్పుడు గుర్తు లేదు. పరాకుగా ఉన్నవాడికి అన్నీ గుర్తుంటాయి, పిలిస్తే పలుకుతాడు, కాకపోతే రెండోసారి పిలవాలి. ఇక స్పృహ తప్పడం వైద్యుడి దగ్గరకు వెళ్ళవలసిన సంగతి. పరాకుకు మందు లేదు, పక్కవాడి మోచేయి చాలు.

విజయవాడ గవర్నర్‌పేటలో దసరాకు ముందు బీసెంట్ రోడ్డును తీసుకుంటే ఈ తేడాలన్నీ ఒకేచోట వినిపిస్తాయి. రెండు వైపులా బట్టల షాపులు, నడుమ తోపుడు బండ్లు, బండ్ల మధ్య భుజం భుజం రాసుకుంటూ నడిచే జనం. ఒకావిడ గాజుల బండి దగ్గర నిలబడి సైజు చూసుకుంటోంది. ఈలోగా సంచిలోని పర్సు పోయింది. చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మాట అంటారు. “పాపం, పరాకుగా ఉన్నట్టుంది” అన్న పెద్దావిడ గొంతులో జాలి ఉంది. “ఇంత రద్దీలో ఏమరుపాటుగా ఉంటే ఎలాగమ్మా” అన్న కొట్టు గుమాస్తా మాటలో మందలింపు ఉంది. “ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దూ” అన్న ఆమె భర్త మాటలో కోపం ఉంది. జరిగింది ఒకటే. పోయిన పర్సు ఒకటే. ఎవరు ఏ మాట ఎంచుకున్నారో దాన్ని బట్టి తప్పు బరువు మారిపోయింది. మూడు మాటల్లో తక్కువ తప్పు మోపినది పరాకు.

ఈ మెత్తదనం వ్యాకరణంలో కూడా కనిపిస్తుంది. పరాకు ‘పడు’ అనే క్రియతో ఎక్కువగా కలుస్తుంది: పరాకు పడ్డాడు, పరాకున పడి బస్సు స్టాపు దాటిపోయాడు. జారిపడడం, పొరబడడం, భ్రమపడడం లాగే ఇది కూడా మనిషికి జరిగేది, మనిషి కావాలని చేసేది కాదు. ‘పరాకుగా’ అన్నప్పుడు కూడా అంతే: పరాకుగా విన్నాడు, పరాకుగా తలూపాడు. ‘ఆయనకు కాస్త పరాకెక్కువ’ అంటే స్వభావం చెప్పినట్టు, నింద వేసినట్టు కాదు. దీనికి భిన్నంగా పాత తెలుగులో ‘పరాకు చేయు’ అనే వాడుక ఉంది. ‘చేయు’ చేరగానే మెత్తదనం పోయి పట్టించుకోకపోవడం, ఉపేక్షించడం అనే అర్థం వస్తుంది. ఈ రెండో వాడుక ఇప్పుడు మాటల్లో దాదాపు లేదు, పాటల్లో మిగిలింది. ఇంట్లో మాత్రం పరాకు ఒక జంటపదంగా బతికే ఉంది: చిరాకు పరాకు. పొద్దుటినుంచీ చిరాకు పరాకుగా ఉన్నాడంటే ఏ పని మీదా మనసు నిలవక, ఎవరేమన్నా విసుక్కుంటున్నాడని. ఈ జంటలో చిరాకుదే పెత్తనం. పరాకు ప్రాస కోసం వచ్చినా తన అర్థం తాను చెప్పే పోతోంది.

మాట పుట్టుక దగ్గరకు వస్తే, సంస్కృతంలో ‘పరాక్’ అంటే అవతలికి తిరిగినది, ఎడమొహంగా ఉన్నది అని అర్థం. తెలుగు రచనల్లో తరచు కనిపించే ‘పరాఙ్ముఖుడు’ ఆ మూలం నుంచి వచ్చినవాడే, మొహం తిప్పుకున్నవాడు. కఠోపనిషత్తులో ఒకచోట ఈ మాట ప్రసిద్ధంగా వస్తుంది. ఇంద్రియాలను సృష్టికర్త బయటివైపుకే తెరిచాడనీ, అందుకే మనిషి బయటికి చూస్తాడే గాని తన లోపలికి చూసుకోడనీ అక్కడి భావం. ఆ లెక్కన లోకమంతా పరాకులోనే ఉంది. తెలుగు పరాకు మాత్రం దిక్కు మార్చుకుంది. తెలుగువాడు పరాకుగా ఉన్నాడంటే సాధారణంగా బయట జరుగుతున్నది వదిలి తన ఆలోచనల్లో తాను ఉన్నాడని అర్థం. ఉపనిషత్తు బయటికి చూడడాన్ని ఆక్షేపిస్తే తెలుగు వాడుక లోపల మునగడాన్ని ఆక్షేపిస్తుంది. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది, చూడవలసిన వైపుకు కాక మరోవైపుకు తిరిగి ఉండడం.

పొరుగు భాషల్లోనూ ఈ మాట ఉంది. తమిళంలో ‘పరాక్కు పార్‌త్తల్’ అంటే పనిలేకుండా అటూ ఇటూ చూస్తూ నిలబడడం. తెలుగువాళ్ళు దానికి ‘దిక్కులు చూడడం’ అంటారు. కన్నడంలో భటుడి కేక అర్థం బలపడింది. అక్కడ ‘బహుపరాక్’ అనడం క్రమంగా పొగడ్తకు పేరైంది. తెలుగు పత్రికల్లో కూడా నాయకుల వెంట తిరిగేవాళ్ళను ‘బహుపరాకులు పలికేవాళ్ళు’ అని వెక్కిరించడం కద్దు.

ఇప్పుడు ఆ కేక సంగతి. రాజు వస్తున్నాడని చెప్పే బాధ్యత బెత్తం పట్టుకున్న భటుడిది. యక్షగానాల్లో ఇతనికి కటికవాడని పేరు. తరవాత వచ్చిన పద్యనాటకాల్లో, పౌరాణిక చిత్రాల్లో రాజసభ దృశ్యమంటే జయజయధ్వానాల చివర ‘బహుపరాక్’ ఉండి తీరాలి. అప్పటి కృష్ణా జిల్లాలో మైలవరం నాటక సమాజం వంటివి నడిచిన రోజుల నుంచి పల్లెటూరి జనానికి కూడా ఈ కేక కంఠతా వచ్చు. అర్థం అడిగితే చాలామంది ‘జై’ లాంటిదే అంటారు. జయధ్వానాల పక్కన ఉండి ఉండి దానికి ఆ రంగు అంటింది.

అసలర్థం హెచ్చరిక. కర్ణాటక సంగీతంలో ఇందుకు మంచి సాక్ష్యం ఉంది. ఉత్సవాల్లో దేవుణ్ణి రాజుగా భావించి పిలిచే పాటల్లో ‘హెచ్చరిక’ అనేది ఒక రకం. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో ‘హెచ్చరికగా రారా’ యదుకుల కాంభోజి రాగంలో ఉంది. అడుగు చూసుకుని రమ్మని స్వామికి చెప్పడమన్నమాట. రాజు ముందు నడిచే భటుడు చేసేదీ అదే పని: ఇటు రాజుకు అడుగు జాగ్రత్త అని, అటు జనానికి తప్పుకోండి, లేచి నిలబడండి అని.

మరి ఏమరుపాటుకు పేరైన మాటే ఏమరవద్దనే కేక ఎలా అయింది? దీనికి జవాబు వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద దొరుకుతుంది. అక్కడి బోర్డు మీద పుర్రెబొమ్మ కింద ‘ప్రమాదం’ అని ఒక్క మాటే రాసి ఉంటుంది. ‘ప్రమాదం ఉంది, దగ్గరకు రావద్దు’ అని పూర్తి వాక్యం ఎవరూ రాయరు. చదివినవాడు మిగతాది తానే పూరించుకుంటాడు. చెట్టు కింద కూర్చున్నవాణ్ణి ‘పాము!’ అని అరిచి లేపుతారు. అపాయం పేరు చెబితే చాలు, హెచ్చరిక దానంతట అదే అయిపోతుంది. ‘పరాకు!’ అని అరవడంలోనూ ఇదే పద్ధతి పనిచేసిందనుకోవడం సబబు. పరాకు పొంచి ఉంది సుమా అని భటుడి భావం. పక్కన ‘బహు’ చేర్చడం గొంతు పెంచడానికి.

ట్రాన్స్‌ఫార్మర్ మీది ఆ ‘ప్రమాదం’ కూడా పరాకు కుటుంబంలోదేనని చాలామంది గమనించరు. సంస్కృతంలో ప్రమాదం అంటే రైలు పట్టాలు తప్పడమూ కాదు, కారు బోల్తా కొట్టడమూ కాదు. ఏమరుపాటు అనే దాని అసలర్థం. చదువు ముగించుకుని వెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటలు తైత్తిరీయోపనిషత్తులో ఉన్నాయి. సత్యం విషయంలో, ధర్మం విషయంలో, చదువు విషయంలో ప్రమాదపడవద్దని అక్కడి బోధ. అంటే పరాకు వద్దని. తెలుగులో కారణం పేరు ఫలితానికి వచ్చింది. ఏమరుపాటు వల్ల జరిగే కీడుకే ప్రమాదమని పేరు స్థిరపడి, ఏమరుపాటు లేకుండా కొండచరియ విరిగిపడినా అది ప్రమాదమే అయింది. పాత అర్థం ‘అప్రమత్తం’లో మాత్రం చెక్కుచెదరలేదు. ‘తీరప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండాలి’ అని తుపాను రోజుల్లో రేడియో చెప్పినప్పుడు, పరాకుగా ఉండవద్దనే ఆ మాట రెండు వేల ఏళ్ళు దాటి వచ్చి దివిసీమ రైతు చెవిన పడుతోంది.

రెండు వేల ఏళ్ళన్నది ఊరికే అన్నమాట కాదు. పాళీలో దీనికి సోదరమైన మాట ‘అప్పమాద’. ధమ్మపదంలోని 26 వర్గాలలో రెండోదానికి ఆ పేరే పెట్టారు. బుద్ధుడు చివరిసారిగా భిక్షువులకు చెప్పిన మాటలో కూడా అప్పమాదమే ఉంది. కృష్ణ ఒడ్డున అమరావతిలో, ఆ చుట్టుపక్కల భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేటలలో స్తూపాలు నిలిచిన కాలంలో ఇక్కడి విహారాల్లో ఈ మాట రోజూ వినిపించే ఉండాలి. ఏమరుపాటు మరణంతో సమానమని బౌద్ధులు గట్టిగా నమ్మారు. అంత కఠినమైన లోకం నుంచి చూస్తే బీసెంట్ రోడ్డు పెద్దావిడ “పాపం, పరాకు” అనడం ఎంతో ఉదారంగా కనిపిస్తుంది.

ఆ ఉదారతను బాగా వాడుకున్నవాళ్ళు వాగ్గేయకారులు. త్యాగరాజుకు కిరణావళి రాగంలో ‘పరాకు నీకేలరా’ అనే కీర్తన ఉంది. శ్యామశాస్త్రికి కేదారగౌళలో ‘పరాకేల నన్ను’ ఉంది. ఇద్దరూ కావేరీతీరంలో ఉండి తెలుగులో పాడినవారు. ఇద్దరూ దేవతను అడుగుతున్నది ఒకటే, ఈ పరాకు ఎందుకని. ఇక్కడ ‘నిర్లక్ష్యం’ అనే మాట పెడితే అది ఫిర్యాదు. ‘మరిచిపోయావా’ అంటే అనుమానం. ‘పరాకు’ అంటే మాత్రం ‘నీకు దయ లేక కాదు, ఎటో చూస్తున్నావు, ఇటు తిరుగు’ అని. పెద్దవాణ్ణి తప్పుపట్టకుండా తప్పు చెప్పే వీలు ఈ మాటలో ఉంది. భక్తుడు అలా దేవుణ్ణి పిలిస్తే, ఇంట్లో కోడలు మామగారిని, కచేరీలో గుమాస్తా అధికారిని ఇదే మర్యాదతో కదిలిస్తారు. “తమరు పరాకుగా ఉన్నట్టున్నారు, కాగితం మీద సంతకం ఒకటి మిగిలింది” అంటే ఎవరి గౌరవానికీ భంగం ఉండదు. రాజు ముందు భటుడు వాడిన మాట, దేవుడి ముందు భక్తుడు వాడిన మాట ఒకటే కావడం బహుశా కాకతాళీయం కాదు. రెండు చోట్లా కిందివాడు పైవాడి ధ్యాసను అడుగుతున్నాడు.

పరాకుకు చుట్టాలైన తెలుగు మాటల్లో ‘మరపు’ కలిసినవి ఒక జట్టు. ఒళ్ళు మరిచేంత ఆనందం మైమరపు. మై అంటే ఒళ్ళు. తమిళంలోనూ ఈ మాట ఇలాగే ఉంది. కూచిపూడి ఆటలో భామాకలాపం తెల్లవారుజాము దాకా చూసినవాడికి ఉండేది మైమరపు, దాన్ని ఎవరూ తప్పనరు. ఆదమరుపు నిద్రకు సంబంధించింది. కాపలా విడిచి, భయం విడిచి, పూర్తిగా నిద్రపోవడం. పంట ఇంటికి చేరిన రైతు ఆదమరిచి నిద్రపోతే మంచిదే, కళ్ళం దగ్గర కాపలా ఉన్నవాడు ఆదమరిస్తే ధాన్యం పోతుంది. ఏమరుపాటు ఎప్పుడూ నష్టం వైపే చూస్తుంది. ఏమరడమంటే మోసపోయే స్థితిలో ఉండడం, దీనికి సోదరమైన తమిళ మాట ‘ఏమాఱు’కు సూటిగా మోసపోవడమనే అర్థం. పక్కన దొంగో, శత్రువో, గొయ్యో లేకపోతే ఏమరుపాటు అనే మాట అతకదు. పరాకుకు అలాంటి పక్కవాడు అక్కర్లేదు. ఏ నష్టమూ లేకుండా కిటికీలోంచి చూస్తూ పరాకుగా కూర్చోవచ్చు.

పరధ్యానం పరాకుకు మరీ దగ్గర. చాలా సందర్భాల్లో ఒకదాని బదులు ఒకటి వాడవచ్చు. అయినా చిన్న తేడా ఉంది. పరధ్యానంలో మనసు మరొక దాని మీద నిలిచి ఉంటుంది. ధ్యానం ఉంది, అది పరాయిదాని మీద. పరాకులో మనసు ఎక్కడా నిలవకపోయినా ఫరవాలేదు. లెక్క గురించి ఆలోచిస్తూ చొక్కా తిరగేసి తొడుక్కున్న మాస్టారిది పరధ్యానం. ఏమీ ఆలోచించకుండానే తొడుక్కుంటే పరాకు. తెలంగాణలో వీటి చోటులో ‘సోయి’ వినిపిస్తుంది. “సోయి లేదా?” అంటే ధ్యాస, తెలివిడి, ఇంగితం మూడూ కలిపి అడిగినట్టు. కోస్తావాళ్ళకు అంత బరువు మోసే ఒక్క మాట లేదు.

సంస్కృతం నుంచి వచ్చి తెలుగులో వేషం మార్చినవి మరో జట్టు. స్పృహ అంటే సంస్కృతంలో కోరిక. తెలుగులో అది తెలివిడి అయింది: స్పృహ తప్పింది, స్పృహ వచ్చింది. చిత్రంగా ‘నిస్పృహ’ మాత్రం స్పృహ లేకపోవడం కాలేదు, కోరిక చచ్చిపోవడం దగ్గరే ఆగి ‘నిరాశా నిస్పృహలు’ అనే జంటలో నిరాశకు తోడైంది. ఒకే ఇంటి అన్నదమ్ములు వేరు ఊళ్ళలో స్థిరపడ్డట్టు. 20వ శతాబ్దపు సాహిత్య విమర్శ ‘సామాజిక స్పృహ’ను తెచ్చింది. విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణ సంస్థల నుంచి వచ్చిన విమర్శ గ్రంథాల్లో ఆ మాట లేని పుస్తకం వెతకడం కష్టమే. ‘అవగాహన’ కథ ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో అది నీళ్ళలో దిగి మునగడం. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు విజయవాడ ఘాట్లలో లక్షల మంది చేసింది అసలైన అవగాహన. ప్రభుత్వ శాఖలు పెట్టే అవగాహన సదస్సుల్లో మాత్రం నీళ్ళు సీసాల్లోనే ఉంటాయి. ‘అవగాహన రాహిత్యం’ అనేది పత్రికల వాళ్ళు పుట్టించిన బరువైన మాట. దాని బదులు ‘తెలియక’ అంటే చాలు.

ఉర్దూ నుంచి వచ్చిన హెచ్చరిక కేకలకూ ఇలాంటి గతే పట్టింది. పహరావాడు రాత్రిపూట అరిచే కేక ‘పారాహుషార్’. హోషియార్ అంటే మెలకువగా ఉండు అని. తెలుగు ‘హుషారు’లో మెలకువ పోయి ఉత్సాహం మిగిలింది. ఖబర్దార్ కూడా కబురు తెలిసి మసలుకో అనే హెచ్చరికే, తెలుగులో ‘ఖబడ్దార్’ అయి బెదిరింపుగా మారింది. బహుపరాక్ పొగడ్త అయింది, హుషార్ సరదా అయింది, ఖబడ్దార్ సవాలు అయింది. కేకలు అరిగిపోతాయి. పదేపదే విన్న హెచ్చరికను జనం పరాకుగానే వింటారు కాబట్టి కొత్త కేక కావలసి వస్తుంది. ఇప్పుడు ఆ పని ‘అలర్ట్’ చేస్తోంది.

రాతలో జరిగే పరాకుకు తెలుగులో ప్రత్యేకంగా ఒక పేరుంది. తాళపత్రాల కాలంలో లేఖకులు గ్రంథం చివర, ఉన్న ప్రతి ఎలా ఉందో అలాగే రాశాము, తప్పులుంటే మన్నించండి అని విన్నవించుకునేవారు. అచ్చు వచ్చాక ఆ తప్పులకు ‘ముద్రారాక్షసాలు’ అని పేరు పెట్టారు. విశాఖదత్తుడి నాటకం పేరును ఇలా అచ్చాఫీసుకు దించినవాడెవరో గాని గడుసువాడు. గవర్నర్‌పేటలోనూ ఏలూరు రోడ్డు పొడవునా అచ్చాఫీసులు సీసం అక్షరాలతో నడిచినంతకాలం ఈ రాక్షసుడికి చేతినిండా పని. కంపోజిటరు ఎదుట గళ్ళ కేసు ఉంటుంది, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. అక్షరాలు తలకిందులుగా, కుడి ఎడమలై ఉంటాయి. కళ్ళు రాతప్రతి మీద ఉంటే చెయ్యి అలవాటు కొద్దీ గడిలోకి వెళుతుంది. ‘ద’ గడిలో ఎవరో పొరపాటున వేసిన ‘ధ’ ఒకటి ఉంటే అది వరుసలోకి ఎక్కేస్తుంది. దాన్ని పట్టుకోవలసిన ప్రూఫు దిద్దేవాడికి ఇంకో చిక్కు. అతనికి వాక్యం ముందే తెలుసు కాబట్టి కన్ను ఉన్న అక్షరాన్ని చూడదు, ఉండవలసిన అక్షరాన్ని చూస్తుంది. తన రచనకు తానే ప్రూఫు దిద్దుకోకూడదని అచ్చాఫీసుల్లో చెప్పేది ఇందుకే. బాగా తెలిసిన చోటే పరాకు ఎక్కువ. రోజూ ఎక్కే మెట్ల మీదే కాలు తడబడుతుంది.

పరాకు లెక్కలోకి రాని చోటు ఒకటుంది, అది చట్టం. వాహనం కింద మనిషి పడితే పోలీసులు రాసే మాటలు ‘అతివేగం, అజాగ్రత్త’. భారతీయ శిక్షాస్మృతిలో 304ఎ కింద, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షను కింద, నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమవడం నేరం. మనసు ఎక్కడ ఉందన్నది అక్కడ ప్రశ్న కాదు. తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే ప్రశ్న. “పరాకున ఉన్నానండీ” అని డ్రైవరు చెప్పుకుంటే అది నేరం ఒప్పుకున్నట్టే అవుతుంది. పర్సు పోగొట్టుకున్నప్పుడు జాలి తెచ్చిన మాట ఎదుటివాడి ప్రాణం పోయినప్పుడు సాకుగా కూడా చెల్లదు. తెలుగు వాడుక ఈ హద్దును బాగా పాటిస్తుంది. తనకు తాను నష్టం చేసుకున్నవాడిదే పరాకు. ఇతరులకు నష్టం చేసినవాడిది అజాగ్రత్త, నిర్లక్ష్యం, లేదా ఇంకా గట్టి మాట.

నేటి మాటల్లో పరాకు వాడకం తగ్గింది. యువతీయువకులు ‘ధ్యాస లేదు’, ‘మైండ్‌లో లేదు’, ‘చూసుకోలేదు’ అంటున్నారు. ఫోను చూస్తూ రోడ్డు దాటేవాడిని పరాకుగా ఉన్నాడనడం తక్కువ. అతని ధ్యాస ఫోనులో పూర్తిగా ఉంది కాబట్టి దానికి పరధ్యానమే తగిన మాట. పరాకు ఇంకా చురుగ్గా ఉన్నది అరవై దాటినవాళ్ళ నోట, కచేరీ వేదికల మీద, ‘బహుపరాక్’ అని పెద్దక్షరాలతో దోమల గురించో నకిలీ విత్తనాల గురించో హెచ్చరించే పత్రికా శీర్షికల్లో. ఇంటి లోపల చిరాకుతో జంటగా ఉన్న వాడుక మాత్రం అన్ని వయసులవాళ్ళకూ అర్థమవుతుంది.